చెంచాడు బలం పొడి

ఆ శుక్రవారం పొద్దున శరత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం హిందూపురంలో బస్సెక్కాలి. పెనుకొండలో రాత్రి ఆగి, శనివారం పొద్దున ధర్మవరం చేరాలి. అక్కడ జనం ముందు రెండు ప్లాస్కుల్లోంచి రెండు గాజు గొట్టాల్లోకి కొంచెం కొంచెం పోసి, మందు చుక్కలు వేసి, ఒకటి గులాబీ రంగుకు తిరిగిందనీ రెండోది తిరగలేదనీ చూపించాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టాలంటే దుర్మార్గులు చాలామంది కష్టపడాలి. మంచివాళ్ళయితే ఒక్కరు చాలు.

శరత్ హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాడు. చేరిన నాటి నుంచీ ఉద్యోగం తాత్కాలికమే. కాలేజీ యజమాని హరికృష్ణ ఏటా "చూద్దాం లేండి సార్" అంటూ వచ్చాడు. ఈ ఏడు చూడటం మానేసి తేల్చేశాడు. ధర్మవరంలో జరిగే కళాశాలల సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి తెస్తే పర్మనెంటు, తేకపోతే ఇంటికి. ఆ మాట స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాడు కాబట్టి మరిచిపోయినట్టు నటించడానికి శరత్‌కు వీల్లేకపోయింది.

ఉద్యోగం పోతే శరత్‌కు తిండికేమీ లోటు రాదు. అతని భయమంతా అదే. ధర్మవరంలో మామ ఓబులేసుకు పట్టుచీరల అంగడి ఉంది. "కంటికి కనపడని పురుగుల్ని మేపే ఉద్యోగం అదేం ఉద్యోగమప్పా? పోతే పోనీ, వచ్చి అంగట్లో కూచో" అని ఆయన పెళ్ళినాటి నుంచీ అంటున్నాడు. కిందటి శ్రావణంలో శరత్ ఒకరోజు కూర్చున్నాడు కూడా. చీరలు విప్పడం వెంటనే వచ్చింది గాని మడవడం రాలేదు. సాయంత్రానికి అంగడి నిండా చీరలు, వాటి మధ్యలో ఎక్కడో శరత్. గుమాస్తాలు నవ్వు ఆపుకోలేక గోదాములోకి పోయి నవ్వి వచ్చారు.

మామ మాట శరత్‌కు పడదు. మామ పంపే బియ్యం మాత్రం బాగానే పడేవి. నెల మొదట్లో ధర్మవరం నుంచి లారీలో బియ్యం మూట, వేరుశనగ నూనె డబ్బా, కందిపప్పు, చక్కెర, ఎండుమిరపకాయలు, చివరికి తాలింపు గింజలు కూడా వచ్చేవి. హిందూపురంలో కిరాణా అంగడి ఎక్కడుందో శరత్‌కు తెలియదు. తెలుసుకోవలసిన పనీ పడలేదు.

ఇక ఆ ప్రయోగం సంగతి. బాక్టీరియా బతకాలంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది బయట దొరక్కపోతే బాక్టీరియా ఏడుస్తూ కూర్చోదు. అందుకు కావలసిన ఎంజైములు తయారుచేసుకుని, తన వంట తనే వండుకుంటుంది. బయట నుంచి వండిన సరుకు వచ్చిందో, వెంటనే పొయ్యి ఆర్పేసి, కొత్త ఎంజైములు చేయడం మానేస్తుంది. దాని లోపల ఒక కాపలా ప్రోటీను ఉంటుంది. ట్రిప్టోఫాన్ చేతికందగానే అది పోయి వంటగది జీన్ల మీద కూర్చుంటుంది. ఇక లేవమన్నా లేవదు.

దీన్ని చూపించడానికి శరత్ ఒక ప్లాస్కులో ఉప్పునీళ్ళు, కొంచెం చక్కెర పోసి బాక్టీరియాను వదిలాడు. అది పస్తు ప్లాస్కు. ఇంకోదాంట్లో పాలు పోసి, ట్రిప్టోఫాన్ కలిపి వదిలాడు. అది పెళ్ళిభోజనం ప్లాస్కు. మందు చుక్కలు వేస్తే వంట మానేసినవి గులాబీ రంగుకు తిరుగుతాయి, వండుకుంటున్నవి తిరగవు. బాక్టీరియా కూడా ఏ రోగమూ తేని సాధు రకం.

బస్సులో గాజు సీసాలు పగులుతాయని స్టీలు ప్లాస్కులు అనుకున్నాడు. ఇంట్లో ఒక్కటే ఉంది. రెండోది పక్కింటి షంషాద్‌బీని అడిగాడు.

"తీస్కపోప్పా, ప్లాస్కుదేముండాది" అంది షంషాద్‌బీ. "సోమవారం మా ఇంటాయన్ని పుట్టపర్తి ఆసుపత్రికి తీస్కపోవల్ల. ఆ పొద్దుటికి ఇస్తే చాలు."

రెండూ అచ్చం ఒకేలా ఉండటంతో శరత్ షంషాద్‌బీ ప్లాస్కుకు ఎర్రదారం కట్టి, పస్తు బాక్టీరియాను అందులో పోశాడు. బాక్టీరియాకు గాలి ఆడాలని రెండింటి మూతలూ కొంచెం వదులుగా పెట్టాడు.

భార్య సింధూర సంచి సర్దుతూ అడిగింది. "ధర్మవరంలో మా నాయన ఇల్లుండగా పెనుకొండలో మా పెద్దమ్మ ఇంట్లో ఎందుకు పడుకునేది?"

"మీ నాయన రాత్రంతా అంగడి గురించే చెప్తాడు. పొద్దున నాకు గొంతు లేవదు."

"మా పెద్దమ్మ మాట్లాడదు గాని చేతులు ఊరకే ఉండవు. ఆ ప్లాస్కులు జాగర్త."

శరత్ నవ్వేశాడు. అప్పుడు నవ్విన నవ్వు అతనికి చాలాకాలం గుర్తుండిపోయింది.

పెనుకొండలో సింధూర పెద్దమ్మ హనుమమ్మ ఒంటరిగా ఉంటుంది. శరత్ కాళ్ళు కడుక్కునేలోపే ఆమె విస్తరి వేసేసింది. తిన్నాక శరత్ రెండు ప్లాస్కులనూ వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాడు.

"ఇవి వెచ్చగా ఉండాల అత్తా. ఈడనే ఉండనీ."

"ఏముండాదప్పా వాట్లో?"

"బాక్టీరియా. కంటికి కనపడవు గాని ప్రాణమున్న జీవులే."

"ఏం తింటాయి?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క విద్యార్థి కూడా అడగని ప్రశ్న అది. శరత్ పొంగిపోయి, పీట మీద కూర్చుని, ట్రిప్టోఫాన్ దగ్గర నుంచి కాపలా ప్రోటీను దాకా పాఠమంతా చెప్పాడు. హనుమమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ శ్రద్ధగా విన్నది.

"అంటే ఒక ప్లాస్కులో ఉండేటివి పాలు తాగుతాండాయి, ఇంగొక ప్లాస్కులో ఉండేటివి పస్తు."

"సరిగ్గా చెప్పినావు అత్తా!"

"ఈ ఎర్రదారం కట్టింది ఎవరిది?"

"పక్కింటి షంషాద్‌బీది. సోమవారం తిరిగి ఇచ్చెయ్యల్ల."

"దాంట్లో వట్టి నీళ్ళేనా?"

"ఉప్పునీళ్ళు."

తనకు మంచి శిష్యురాలు దొరికిందన్న తృప్తితో శరత్ ముందు గదిలోకి పోయి పడుకున్నాడు.

హనుమమ్మ బుద్ధెరిగినప్పటి నుంచీ ఊరివాళ్ళ గిన్నెను వట్టిగా గడప దాటించి ఎరగదు. కూర తెచ్చిన గిన్నె తిరిగి పోయేటప్పుడు అందులో కూరో పండో వేస్తుంది. ఏమీ లేనిరోజు చెంచాడు చక్కెరైనా వేస్తుంది. ఇప్పుడు పొయ్యి పక్కన ఒక పరాయి ప్లాస్కు, అందులో ఉప్పునీళ్ళు, ఆ ఉప్పునీళ్ళలో పస్తున్న ప్రాణులు. పక్క ప్లాస్కులోని వాళ్ళు పాలు తాగుతుంటే వీళ్ళు చూస్తూ ఉండాలట. చదువుకున్నవాళ్ళకు ఇంత రాయి గుండె ఎట్లా వస్తుందో ఆమెకు అర్థం కాలేదు.

చెంచాడు చక్కెర వేద్దామని లేచింది. వేసి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది, చక్కెరతో ఆ బాక్టీరియా వంట ఆగదు. కానీ చక్కెర జబ్బు వచ్చినప్పటి నుంచీ హనుమమ్మ ఇంట్లో చక్కెర లేదు. ఉన్నది పుట్టపర్తి డాక్టరు రాసిచ్చిన బలం పొడి. డబ్బా తీసి, ఎర్రదారం ప్లాస్కులో నిండుగా చెంచాడు వేసి, కరిగేదాకా కలిపింది. మూతలు రెండూ వదులుగా ఉండటం చూసి, ఈ కాలం పిల్లలకు మూత పెట్టడం కూడా రాదనుకుంటూ రెండింటినీ శక్తికొద్దీ బిగించింది. తర్వాత హాయిగా నిద్రపోయింది.

పొద్దున బస్సులో శరత్ సంచిని ఒళ్ళో పెట్టుకుని, సభలో చెప్పబోయే మాటలు మనసులో వల్లె వేసుకుంటున్నాడు. పాలు తాగిన బాక్టీరియా రాత్రంతా గాలి వదులుతూనే ఉంది, ఆ గాలి పోవడానికి దారి లేదు. బస్సు ఒక గుంతలో పడి లేవగానే సంచిలో ఢామ్మని శబ్దమైంది. మూత ఎగిరి బస్సు కప్పుకు తగిలింది. తెల్లటి నురగ శరత్ చొక్కా మీద, కండక్టరు టికెట్ల మిషను మీద, ముందు సీటు తాత తలగుడ్డ మీద పడింది.

"ఏమప్పా అది?" అన్నాడు కండక్టరు.

శరత్ నిజాయితీపరుడు. "ఏం లేదన్నా, బాక్టీరియా" అన్నాడు.

బస్సు బస్సంతా లేచి నిలబడింది.

"బాక్టీరియా అంటే రోగమే కదా!"

"నా తలగుడ్డ మింద పడిందప్పో!"

"నిలుపు బస్సు! దించండప్పా ఆయప్పను!"

డ్రైవరు బస్సు పక్కకు తీశాడు. ఇక్కడ దిగితే ఇంకో బస్సు పట్టుకుని చేరేసరికి ప్రదర్శన అయిపోతుంది, దానితోపాటు ఉద్యోగమూ అయిపోతుంది. శరత్ కళ్ళముందు విప్పిన చీరలు కనపడ్డాయి. ఇంతలో కండక్టరు మిషను మీది నురగను వేలితో తీసి వాసన చూశాడు.

"తెల్లగుండాది, నురగొస్తాంది, పులుపు వాసన. ఇది కల్లు కదప్పా?"

శరత్ తెరిచిన తలుపు వైపు చూశాడు. జనం మొహాలు చూశాడు.

"అవునన్నా. కల్లే" అన్నాడు.

బస్సు ఊపిరి పీల్చుకుంది. అందరూ కూర్చున్నారు. "ముందే చెప్పకూడదా, ఊరకే భయపెట్టినావు" అని తాత తలగుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని మెచ్చుకోలుగా తల ఊపాడు. "యాడిదప్పా? మడకశిర చెట్లదా?" అని ఇంకొకాయన ఆసక్తిగా అడిగాడు. కండక్టరు మాత్రం "దిగినాక తాగు, బస్సులో వద్దు" అని ఈలవేశాడు.

అంతా సర్దుకునేదే, వెనక సీట్లో ఈరక్క లేకపోతే. ఈరక్క ఓబులేసు అంగడికి పట్టుదారం చుట్టి ఇస్తుంది. శరత్ పెళ్ళిలో బంతిలో కూర్చుని తిన్నది కూడా. ధర్మవరంలో దిగగానే ఆమె ఫోన్ తీసింది.

"అన్నా, మీ అల్లుడు పొద్దున్నే ప్లాస్కు నిండా కల్లు పెట్టుకోని వచ్చినాడు. నేను ఊరకే చెప్పేది కాదు, ఆయప్పే నోటితో ఒప్పుకున్న్యాడు. ఇంగొక ప్లాస్కు కూడా ఉండాది."

ఓబులేసు వెంటనే కూతురికి ఫోన్ చేశాడు. "నీ మొగుడు తాగుతాడని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఆయన మజ్జిగ కూడా తాగడు నాయనా!"

"రెండు ప్లాస్కులు తీస్కపోయినాడా లేదా?"

"తీస్కపోయినాడు. వాట్లో..." అని సింధూర చెప్పబోయేలోపే ఓబులేసు ఫోన్ పెట్టేశాడు. రెండు ప్లాస్కులన్న సంగతి నిజమైంది కదా, ఇక కావలసిందేముంది? శనివారం బేరాలు వదిలి, ఇద్దరు గుమాస్తాలను వెంటబెట్టుకుని ప్రదర్శన హాలుకు బయలుదేరాడు. అల్లుణ్ణి నలుగురిలో తిట్టకుండా మెల్లగా బయటికి నడిపించుకుపోవాలన్నది ఆయన ఆలోచన. గుమాస్తాలు అందుకే.

హాలులో అప్పటికే హరికృష్ణ ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"ఏం సార్ ఈ వాసన?"

"పాలు సార్. కొంచెం పులిసినాయి."

"పాలా?" అని వెనక నుంచి గొంతు వినపడింది. ఓబులేసు. "పాలంట సార్! పొద్దుటిదాకా ఈయప్ప తాగేది పాలే అనుకున్న్యాం మేమూ. బస్సంతా చూసిందప్పా అల్లుడా. లే, ఇంటికి పోదాం."

హరికృష్ణ మొహంలో ఏళ్ళ తరబడి "చూద్దాం" అన్నదానికి సమాధానం దొరికిన వెలుగు కనిపించింది. అంతలో మైకులో శరత్ పేరు పిలిచారు. శరత్ మామ చెయ్యి విడిపించుకుని వేదిక ఎక్కాడు.

న్యాయనిర్ణేత అనురాధ బెంగళూరు నుంచి వచ్చిన శాస్త్రవేత్త. పొద్దుటి నుంచీ అగ్నిపర్వతాలుగా పొంగే వంటసోడాలనూ అడుగు కదలని రోబోలనూ చూసి విసిగి ఉంది. శరత్ పాఠం చెప్పాడు. ప్లాస్కు అడుగున మిగిలిన పాలు ఒక గొట్టంలో పోసి చుక్కలు వేశాడు. అది రోజ్‌మిల్క్ రంగుకు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు పస్తున్న బాక్టీరియా. ఇవి వంట మానలేదు కాబట్టి రంగు తిరగదు" అని ప్రకటించి రెండో గొట్టంలో చుక్కలు వేశాడు.

తిరిగింది. మొదటిదానికంటే చక్కగా తిరిగింది.

శరత్ ఇంకో గొట్టం తీసి మళ్ళీ చేశాడు. మళ్ళీ గులాబీ రంగే. "మత్తులో రెండిట్లో ఒకే ప్లాస్కుది పోసినాడు" అని ఓబులేసు గుమాస్తాలతో గుసగుసగా అన్నాడు. ఆయన గుసగుస అంగడి అవతలికి కూడా వినపడుతుంది. హరికృష్ణ లేచి నిలబడ్డాడు.

శరత్‌కు ఏడుపొచ్చినంత పనైంది. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఆ పొద్దున ఉద్యోగం పోతుందన్న భయంతో అబద్ధమాడింది తను. ఈ బాక్టీరియాకు అబద్ధమాడే అవసరం ఏముంది? ఆ ఆలోచన రాగానే అతనికి ఒక్కసారిగా ధైర్యం వచ్చింది.

"మేడం, ఇవి పస్తు లేవు. ఎవరో తిండి పెట్టారు. చక్కెర గిక్కెర కాదు, అమైనో ఆమ్లాలే పెట్టారు. నిన్న రాత్రే పెట్టుంటారు. అప్పుడైతేనే ఇంతగా వంట మానేస్తాయి."

"ఫెయిలైనోళ్ళందరూ ఇదే చెప్తారు" అన్నాడు హరికృష్ణ.

"రుజువుందా?" అంది అనురాధ. ఆమె మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగింది.

శరత్ ఫోన్ తీసి హనుమమ్మకు చేసి, మైకు ముందు పెట్టాడు.

"అత్తా, నిన్న ఎర్రదారం ప్లాస్కులో ఏమన్నా వేసినావా?"

"వెయ్యకుండా ఎట్ల పంపుతానప్పా?" హనుమమ్మ గొంతు హాలంతా మోగింది. "ఊరోళ్ళ గిన్నె వట్టిగా పంపేదానికి మా ఇంటికేమన్నా కరువొచ్చిందా? చక్కెర లేకపాయె. బలం పొడి చెంచాడు వేసి బాగా కలిపినా. పాపం, తిన్న్యాయా?"

"తిన్నాయి అత్తా. బాగా తిన్నాయి."

అనురాధ మైకు దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఆ డబ్బా మీద ఏం రాసుంది?"

"నాకు చదువు రాదమ్మా. కండలు తిరిగినోడి బొమ్మ ఉండాది."

"అయితే ప్రోటీను పొడే" అని అనురాధ గట్టిగా నవ్వింది. "అమైనో ఆమ్లాలన్నీ ఉంటాయి."

"అల్లుడా, మూతలు కూడా వదులుగా ఉంటే నేనే బిగించినా. బస్సులో కారలేదు కదా?"

శరత్ చొక్కా మీది పాల మరకను చేత్తో కప్పుకున్నాడు. వెనక వరుసలో ఓబులేసు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. "మరి కల్లని ఎందుకు ఒప్పుకున్న్యావప్పా?" అన్నాడు.

"నిజం చెప్తే బస్సు దింపేస్తామన్నారు మామా."

అనురాధ తీర్పు చెప్పింది. "ఈ ప్రయోగం నేను చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నా. దేనికి తిండి పెట్టారో చేసేవాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది, కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు. ఇక్కడ ఈయనకు తెలియని సంగతి బాక్టీరియా పట్టించింది. ఈయన దాని మాట నమ్మాడు. మొదటి బహుమతి ఈయనదే." హరికృష్ణ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. లేచి ఎలాగూ ఉన్నాడు కదా.

భోజనాల దగ్గర ఓబులేసు అనురాధ పక్కన చేరాడు. సిగ్గుతోనో ఏమో, తల ఎత్తకుండా అన్నం కలుపుతూనే అడిగాడు.

"అమ్మా, మా వదిన ఆ పొడి వెయ్యకపోతే అవి సొంతంగా వండుకుంటా ఉండేవేనా?"

"వండుకునేవే."

"బయట నుంచి వస్తాంది కాబట్టి మానేసినాయి."

"అంతే. ఊరికే వచ్చేది ఉన్నప్పుడు కష్టపడటం దండగని వాటికి తెలుసు."

"పెట్టేది నిలిపేస్తే మల్ల మొదలుపెడతాయా?"

"పెడతాయి. కాకపోతే కొంచెం టైం పడుతుంది."

ఓబులేసు అవతల బంతిలో మూడోసారి పాయసం వేయించుకుంటున్న అల్లుణ్ణి ఆలోచనగా చూశాడు.

సోమవారం పొద్దున శరత్ చేతికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. జీతం పాతదే. "గౌరవం పెరిగింది కదా సార్" అన్నాడు హరికృష్ణ. ఆ రోజే నెల మొదలు. లారీ రాలేదు. సింధూర ధర్మవరానికి ఫోన్ చేసింది.

"నాయనా, లారీ చెడిపోయిందా?"

"లారీ బాగుండాది. నేనే నిలిపినా. ఎందుకో మీ ఇంటాయన్ని అడుగు, పదిమంది ముందర ఆయప్పే చెప్పినాడు."

"మేమేమన్నా బాక్టీరియానా నాయనా?"

"వాటికంటే మీరేం తక్కువ కాదు లేమ్మా. కొంచెం టైం పడుతుందని ఆ మేడం కూడా చెప్పింది." ఓబులేసు గొంతులో కోపమేమీ లేదు. అదే ఇద్దరికీ ఎక్కువ భయం వేసింది.

అప్పుడే షంషాద్‌బీ గుమ్మంలోకి వచ్చింది. భర్త ఆసుపత్రికి బయలుదేరాడట, ప్లాస్కు కావాలట. శరత్ దాన్ని ముందే కడిగి, ఉడికించి, ఆరబెట్టి ఉంచాడు. అందివ్వబోతుంటే సింధూర చెయ్యి పట్టుకుని ఆపింది. వట్టి ప్లాస్కు ఎట్లా ఇస్తారు? వంటింట్లోకి పోయి చక్కెర డబ్బా తీసింది, అడుగున చీమలు తప్ప ఏమీ లేవు. బియ్యం డబ్బా తీసింది, అందులో కొలిచే గ్లాసు ఒక్కటే ఖాళీగా మోగింది. బయటికి వచ్చి మొగుడి చేతిలో సంచి పెట్టింది.

శరత్ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు వీధి ఆ చివర చూశాడు, ఈ చివర చూశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"షంషాద్‌బీ అక్కా, ఈడ కిరాణా అంగడి యాడుండాది?"

షంషాద్‌బీ అతని మొహంలోకి చూసి, ఎగతాళి కాదని తెలుసుకుని, చెయ్యెత్తి ఎదురుగా చూపించింది.

ఆ అంగడి శరత్ ఆ ఇంట్లో దిగకముందు నుంచీ అక్కడే ఉంది.